గాలానికి ముడా? కొక్కెమా?

బోటు ఒడ్డుకొచ్చింది. అల్లుడు దిగాడు. చేతిలో గాలం తాడు ఉంది. తాడంతా ఉంగరాలు తిరిగి ఉంది. చివర ఎర లేదు.

"ఏటైంది అల్లుడూ?" అని మావ అడిగాడు.

"పెద్ద వంజరం పడింది మావా. రెండు బారల దూరం దాకా వచ్చేసింది. అంతలో తెగిపోయింది. ఎర కూడా పోయింది."

మావ తాడు కొస చూశాడు. అక్కడ ఒక చిన్న ఇత్తడి కొక్కెం ఉంది. దాని నోరు తెరుచుకుపోయి ఉంది.

"తాడు తెగలేదురా. కొక్కెం విచ్చుకుంది" అన్నాడు మావ.

"అయితే ఈ కొక్కేలు పనికిరావా మావా? రేపట్నుంచి ఎరను తాడుకే కట్టేస్తాను."

"తొందరపడకు. దేని పని దానిది. ముందు తెలుసుకో" అన్నాడు మావ.

కొక్కెం ఏం చేస్తుంది?

దుకాణంలో దీన్ని స్వివెల్ అంటారు. దీనిలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి తిరిగే భాగం. దాని రెండు కొసలకు రెండు కళ్లు ఉంటాయి. ఒక కన్ను తిరిగినా రెండోది తిరగదు. రెండోది పిన్నీసు లాంటి భాగం. దాన్ని తెరిచి ఎరను తగిలిస్తారు. మళ్లీ మూస్తారు.

బోటు నడుస్తుంటే మెరిసే రేకు ఎర నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. ఎరను తాడుకు నేరుగా కడితే తాడు కూడా మెలి తిరుగుతుంది. మెలిపడిన తాడు వదులైతే చుట్టుకుపోతుంది. చిక్కు పడుతుంది. స్వివెల్ ఉంటే ఎర తిరుగుతుంది, తాడుకు మెలి తక్కువ పడుతుంది.

ఇంకో లాభం ఉంది. ఎర మార్చాలంటే తాడు కోయనక్కర్లేదు. పిన్నీసు తెరిస్తే చాలు.

ముడి ఏం చేస్తుంది?

నేరుగా ముడి వేస్తే మధ్యలో ఇనుప ముక్క ఉండదు. విచ్చుకునేది ఉండదు. తుప్పు పట్టేది ఉండదు. చిన్న ఎరకు బరువు పెరగదు. ఎర తేలికగా ఈదుతుంది. సూర చేపకు చూపు బాగా ఉంటుంది. ఎర ముందు పెద్ద కొక్కెం కనిపిస్తే అనుమానపడుతుంది. అందుకని సూరకు ముడే మేలు.

వంజరం సంగతి వేరు. దాని పళ్లు కత్తెర లాంటివి. నైలాన్ తాడును కొరికేస్తుంది. అందుకే ఎరకు ముందు మూరెడు ఉక్కు తీగ వేస్తారు. తీగకూ తాడుకూ మధ్య స్వివెల్ పెడతారు. మెరిసే స్వివెల్‌ను కూడా వంజరం చిన్న చేప అనుకుని కొరుకుతుంది. నల్ల రంగుది వాడడం మంచిది.

గట్టి ముడి వేసే పద్ధతి

1. తాడు కొసను ఎర కంటిలోంచి దూర్చండి. జానెడు కొస ఉంచండి.
2. ఆ కొసను అసలు తాడు చుట్టూ 5 సార్లు చుట్టండి.
3. కొసను వెనక్కి తెండి. కంటి పక్కన చిన్న సందు ఉంటుంది. అందులో దూర్చండి.
4. ఇప్పుడు పెద్ద ఉచ్చు వస్తుంది. కొసను దానిలోంచి కూడా దూర్చండి.
5. ముడిని నీళ్లతో తడపండి. అసలు తాడును మెల్లగా లాగి బిగించండి.
6. మిగిలిన కొసను కోయండి. బియ్యపు గింజంత వదలండి.

తడపడం మరవకండి. పొడి తాడు రాపిడికి వేడెక్కుతుంది. వేడికి నైలాన్ బలం తగ్గుతుంది. ముడి దగ్గరే తెగుతుంది. కొక్కేనికి తాడు కట్టేటప్పుడు కూడా ఇదే ముడి వేయవచ్చు.

చీటీ చదవండి

అల్లుడు కొక్కేల పొట్లం తీశాడు. అత్త దాని మీది చీటీ చదివింది.

"15 కిలోలు అని ఉంది. నీ తాడు ఎంతది?"

"30 కిలోలది అత్తా."

"మరింకేం! 30 కిలోల తాడుకు 15 కిలోల కొక్కెం కట్టావు. ముందు ఏది పోతుంది?"

అల్లుడు మాట్లాడలేదు.

తాడు ఎంత గట్టిదైనా ముడి వదులైతే చేద నూతి పాలే. గాలమూ అంతే. అన్నిటికన్నా బలహీనమైన చోటే అది తెగుతుంది. అందుకని కొక్కెం బలం తాడు బలానికి తగ్గకూడదు. కొనేటప్పుడు తాడు మీద, కొక్కెం మీద ఉన్న అంకెలు రెండూ చూడండి. చదవడం రాకపోతే దుకాణదారు ఇచ్చిందే తీసుకోవాలి. చదవడం వస్తే మనకు కావలసింది అడగవచ్చు.

ఎప్పుడు ఏది?

తిరిగే రేకు ఎరకు: స్వివెల్ ఉన్న కొక్కెం.
తల ఊపే బొమ్మ చేపకు: బిగుతు ముడి వద్దు. చిన్న పిన్నీసు కొక్కెం గానీ, వదులు ఉచ్చు గానీ వేయండి. అప్పుడే తల బాగా ఊపుతుంది.
చిన్న ఎరకు, సూరకు: నేరుగా ముడి.
వంజరానికి: ఉక్కు తీగ, స్వివెల్.

జాగ్రత్తలు

ఉప్పు నీటికి కొక్కేలు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి. వేళ్లతో తిప్పి చూడండి. తిరగకపోతే పారేయండి. పిన్నీసు వదులైనా అంతే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో గాలాలన్నీ విప్పి చూసుకోండి. పాత ముడులు కోసి కొత్తవి వేయండి.

కోసిన తాడు ముక్కలు సముద్రంలో వేయవద్దు. నైలాన్ కుళ్లదు. తాబేళ్ల మెడకూ కాళ్లకూ చుట్టుకుంటుంది.

లెక్క చేయండి

ముడి కోసి మళ్లీ కట్టిన ప్రతిసారీ ఒక జాన తాడు పోతుంది. రోజుకు 8 సార్లు ఎర మార్చారు. ఎంత తాడు పోయింది?
2 జానలు = 1 మూర. 4 మూరలు = 1 బార.
జవాబు: 8 జానలు, అంటే 4 మూరలు. అంటే 1 బార.
మరి 5 రోజులకు ఎన్ని బారలు?

జవాబులు చెప్పండి

1. తాడు ఎందుకు మెలి పడుతుంది?
2. వంజరానికి ఉక్కు తీగ ఎందుకు?
3. ముడిని ఎందుకు తడపాలి?
4. మీ ఇంట్లో ఉన్న తాడు పొట్లం మీద ఏం రాసి ఉంది? చదివి పలక మీద రాయండి.