15 వేలలో మొదటి ఎలక్ట్రిక్ గిటార్

ఫ్రెషర్స్ డే అయిన మర్నాడు ఎవరో ఒక జూనియర్ నా గది తలుపు కొట్టడం మామూలే. "అన్నా, నిన్న స్టేజి మీద నువ్వు వాయించింది ఎలక్ట్రిక్ గిటారే కదా? నేనూ ఒకటి కొందామనుకుంటున్నా. పదిహేను వేలున్నాయి. ఏది తీసుకోమంటావ్?"

ఒక మోడల్ పేరు చెప్పి పంపించేయొచ్చు. కానీ నేనూ మొదటిసారి అలాగే ఒక ఫొటో చూసి, నాలుగు రివ్యూలు చదివి కొనేసి దెబ్బతిన్నా. అందుకే ఈసారి మన పత్రికలో కాస్త వివరంగా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, మీ డబ్బులు మిగులుతాయి.

నా కథ ముందు

ఫస్టియర్ సెలవుల్లో ట్యూషన్లు చెప్పి పదకొండు వేలు దాచా. అమ్మ చీటీ పాడినప్పుడు ఇంకో నాలుగు వేలిచ్చింది. మొత్తం పదిహేను. అందులో పదమూడు వేలు పెట్టి నల్లగా మెరిసిపోయే గిటార్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. దానికి ఫ్లోటింగ్ ట్రెమొలో కూడా ఉంది. అంటే ఓ కడ్డీ పట్టుకుని ఊపితే స్వరం కిందికీ పైకీ జారుతుంది. వీడియోల్లో అందరూ ఊపుతుంటే నాకూ అదే కావాలనిపించింది. మిగిలిన రెండు వేలతో అరచేతిలో పట్టేంత యాంప్ కొన్నా.

రెండు వారాల్లో సరదా తీరిపోయింది. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ తప్పేవి. తీగలు ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోయేవి. కష్టపడి కార్డ్ పట్టినా అపశ్రుతే. పక్క గదివాళ్ళు "ఏంట్రా ఆ గోల" అన్నారు. నాకు చెవి లేదేమో, సంగీతం మనవల్ల కాదేమో అనుకుని బీరువా మీద పడేశా. నాలుగు నెలలు అక్కడే ఉంది. అమ్మ ఫోన్‌లో "గిటార్ వాయిస్తున్నావా నాన్నా?" అని అడిగితే, "పరీక్షలమ్మా" అని తప్పించుకునేవాణ్ణి.

చివరికి అమ్మేద్దామని, వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన గిటార్‌ని కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు మెడ వెంట చూసి, "తప్పు నీ చేతుల్లో లేదు బాబూ, దీని మెడ వంగింది" అన్నారు. ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పి, ట్రెమొలో కదలకుండా వెనకాల చెక్కముక్క బిగించి, తీగలు కిందికి దించి, గంటన్నరలో చేతికిచ్చారు. ఎనిమిది వందలు తీసుకున్నారు. అదే గిటార్, అవే చేతులు. కార్డ్ పట్టగానే శ్రుతిలో మోగింది.

అప్పుడు తెలిసిందేమిటంటే, తక్కువ ధరలో కొనేటప్పుడు చూడాల్సింది బ్రాండు కంటే ముందు ఆ గిటార్ వాయించడానికి వీలుగా ఉందా లేదా అన్నది. వీలుగా లేకపోతే లోపం మనలో ఉందనుకుని మానేస్తాం.

అసలు ఇది ఎలా మోగుతుంది?

1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు సన్నటి రాగి తీగ ఉంటాయి. పైన స్టీలు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహం మారి, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. అందుకే నైలాన్ తీగలు కడితే ఈ పికప్‌కి ఏమీ వినపడదు.

ఈ సిగ్నల్ చాలా బలహీనం. యాంప్ లేకుండా వాయిస్తే పక్క మంచం మీద వాడికి కూడా సరిగ్గా వినపడదు. కాబట్టి మనం కొనేది ఒక్క గిటార్‌ని కాదు, గిటార్, కేబుల్, యాంప్ కలిసిన మొత్తం సర్క్యూట్‌ని. ఉన్నదంతా గిటార్‌కే పెట్టడం నేను చేసిన మొదటి తప్పు.

ఇప్పుడైతే 15 వేలని ఇలా పంచుతా:

- గిటార్: 9,500
- యాంప్ లేదా ఆడియో ఇంటర్‌ఫేస్: 3,000
- కేబుల్, బెల్టు, ప్లెక్ట్రమ్‌లు, ఒక సెట్టు అదనపు తీగలు: 1,200
- సెటప్ చేయించడానికి: 1,000

మిగిలిన 300 ఆటోకి. ట్యూనర్‌కి డబ్బులు పెట్టకండి, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ధరలు మారుతుంటాయి గానీ ఈ పాళ్ళు గుర్తుంచుకోండి.

షాపులో చూడాల్సినవి

వాయించడం రాకపోయినా ఇవన్నీ చూడొచ్చు. పది నిమిషాల పని.

*మెడ.* చివరి తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, ఆఖరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టండి. (ఫ్రెట్లంటే వీణ మీద మెట్ల లాంటివే.) తీగ ఇప్పుడు స్కేలులా పనిచేస్తుంది. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర దానికీ ఫ్రెట్‌కీ మధ్య మందపాటి కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. ఎక్కువుంటే మెడ ముందుకు వంగినట్టు. కొద్దిపాటి వంపు ట్రస్ రాడ్‌తో సరిచేయొచ్చు. మెలి తిరిగిన మెడని మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

*ఎత్తు.* 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద దాదాపు 2 మి.మీ., సన్న తీగ కింద ఒకటిన్నర మి.మీ. ఉంటే చేతికి హాయి. డ్రాయింగ్ క్లాసు స్టీలు స్కేలు జేబులో పెట్టుకెళ్ళండి.

*శ్రుతి.* ఒక్కో ఫ్రెట్ దాటుతున్నకొద్దీ తీగ పొడవు 1.0595తో భాగించినట్టు తగ్గుతుంది. అది 2కి పన్నెండో మూలం. కాబట్టి 12వ ఫ్రెట్‌కి పొడవు సగం అవ్వాలి. ఫెండర్ కొలతలో తీగ పొడవు 648 మి.మీ., సగం 324. నొక్కకుండా మీటినప్పుడు వచ్చే స్వరమూ, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరమూ ట్యూనర్‌లో ఒకే అక్షరం చూపించాలి, ముల్లు మధ్యలోనే ఉండాలి. కొంచెం తేడా ఉంటే బ్రిడ్జి మీద శాడిల్ జరిపితే సరిపోతుంది. తీగ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు సాగి స్వరం పైకి పోతుంది. నా అపశ్రుతికి కారణం అదే.

*ఫ్రెట్ల అంచులు.* మెడ పక్కల అరచేతిని అటూ ఇటూ జరపండి. రంపంలా గీసుకుంటే పక్కన పెట్టేయండి.

*కరెంటు భాగం.* యాంప్‌కి కలిపించి ప్రతి నాబ్ తిప్పండి, స్విచ్ అన్ని స్థానాల్లోనూ పెట్టి చూడండి. కేబుల్ గుచ్చే చోట కొద్దిగా కదిపితే శబ్దం పోతోందా? జాక్ మార్చడం తేలికే గానీ, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

ట్రెమొలో వద్దు, ఎందుకంటే

మామూలు శ్రుతిలో 9 గేజ్ తీగలు ఆరూ కలిసి దాదాపు 38 కిలోల బరువుతో లాగుతాయి. ఫ్లోటింగ్ బ్రిడ్జిలో ఆ లాగుడికి ఎదురు వెనక స్ప్రింగులు. మెకానిక్స్‌లో చదివిన సమతాస్థితే. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ముందుకు వాలుతుంది, మిగతా ఐదూ వదులవుతాయి. ఖరీదైన వాటిలో గట్టి లోహం, మంచి లాకులు ఉంటాయి. మన బడ్జెట్‌లో అవి రావు. కదలని బ్రిడ్జి ఉన్నదే తీసుకోండి. స్ట్రాట్ తరహాలో మామూలు ట్రెమొలో ఉన్నది నచ్చితే, వెనక స్ప్రింగుల స్క్రూలు బిగించి బ్రిడ్జిని ఒంటికి ఆనించేయొచ్చు.

పికప్‌లు, హాస్టల్ కరెంటు

సింగిల్ కాయిల్ పికప్ స్వరం స్పష్టంగా, గంట కొట్టినట్టు ఉంటుంది. కానీ మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ని కూడా పట్టేస్తుంది. పక్కనే ట్యూబ్‌లైటు, చార్జరు ఉంటే చెప్పక్కర్లేదు. హంబకర్‌లో రెండు కాయిల్స్‌ని, అయస్కాంతాల్ని ఎదురెదురుగా అమరుస్తారు. హమ్ రద్దయిపోతుంది, తీగ సిగ్నల్ కలుస్తుంది. డిఫరెన్షియల్ యాంప్లిఫయర్‌లో కామన్ మోడ్ నాయిస్ పోయినట్టే. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ దీనికి 1955లో పేటెంటు అడిగాడు.

మెలొడీలు, రాక్ రెండూ వాయించాలంటే బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు సింగిల్ కాయిల్స్ ఉన్నది మంచిది. యామహా పసిఫికా 012 ఆ తరహాదే. ఫెండర్ వాళ్ళ చవక బ్రాండ్ స్క్వైర్, ఐబనెజ్ జియో, కార్ట్ కూడా చూడండి. కొత్తది బడ్జెట్ దాటితే సెకండ్ హ్యాండ్ వెతకండి. అప్పుడు తల, మెడ కలిసే చోట పగులుందేమో, ఫ్రెట్ల మీద గాళ్ళు పడ్డాయేమో చూడాలి. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో కూడా చూడండి.

లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి యాంప్ బదులు చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెడ్‌ఫోన్స్‌లో వాయించుకోవచ్చు. వార్డెన్ గొడవ ఉండదు. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం వేరుగా హై ఇంపిడెన్స్ ఇన్‌పుట్ ఉండాలి. పికప్ ఇంపిడెన్స్ ఎక్కువ కాబట్టి మామూలు లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే పై స్వరాలు చచ్చిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

డబ్బు తక్కువైతే

క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే దగ్గర మంచి గిటార్ కొనే డబ్బు లేదు. 1963లో, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి ఇంట్లోనే సొంతంగా ఒకటి తయారుచేయడం మొదలుపెట్టాడు. మెడకి పాత పొయ్యిగూటి చెక్క, ట్రెమొలోకి మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, మెడ మీద చుక్కలకి అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. క్వీన్ పాటల్లో మోగింది అదే గిటార్. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి పరాయిదైన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించారు. ఇద్దరూ ముందు చేసింది ఒకటే, వాయిద్యాన్ని తమ చేతికి కుదిరేలా మార్చుకున్నారు. మనం గిటార్ తయారుచేయక్కర్లేదు, కనీసం సెటప్ చేయించుకుందాం. మెడ చెక్క కదా, వానాకాలానికీ ఎండాకాలానికీ కొద్దిగా కదులుతుంది. ఏడాదికోసారి చూపించండి.

మొన్న సంక్రాంతికి గిటార్ ఇంటికి తీసుకెళ్ళా. అమ్మ పాట మొత్తం విని, "మరి అన్నాళ్ళూ ఎందుకు వాయించలేదురా?" అంది. బీరువా సంగతంతా చెప్పేశా. అమ్మ ఒక్కటే అంది: "ముందే ఎవరికైనా చూపించాల్సింది కదరా."

నేను చెప్పేదీ అదే. కొనేముందు వాయించడం తెలిసినవాళ్ళని ఒకళ్ళని వెంట తీసుకెళ్ళండి. ఎవరూ దొరక్కపోతే ఆదివారాలు నేను ఖాళీ, టీ ఇప్పిస్తే చాలు. ఇప్పటికే కొని బీరువా మీద పెట్టినవాళ్ళుంటే, అమ్మేముందు ఒకసారి కిందికి దించి మెడ వెంట చూడండి.