రెండు గీతల తేడా

హిందూపురంలో ఒక కుటుంబం ఉంది. భర్తకు ఒక పాత వ్యాను ఉంది. దాన్ని బాడుగకు తోలుతాడు. భార్య పట్టుగూళ్ళ మార్కెట్టులో కూలి పనికి పోతుంది. ఆమె పొదుపు సంఘంలో సభ్యురాలు. రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. తెలుగు చదువుతుంది. అంకెలు బాగా చదువుతుంది. స్కేలుతో కొలవడం కూడా వచ్చు.

ఒకరోజు వ్యాను ఇంజన్ పాడైంది. "దీన్ని బాగు చేసే బదులు వేరే ఇంజన్ వేసుకోండి" అని మెకానిక్ చెప్పాడు. చేతిలో డబ్బు లేదు. భార్య సంఘంలో 30,000 రూపాయలు అప్పు తీసింది. పాత బండ్ల సామాను అమ్మే అంగడిలో ఇంజన్ కొన్నారు. అది అదే కంపెనీ ఇంజన్. కానీ కొన్నేళ్ళ తర్వాత వచ్చిన రకం. మెకానిక్ దాన్ని వ్యానులో బిగించాడు. బండి కదిలింది. అందరూ సంతోషపడ్డారు.

వాసన వచ్చింది

మూడో రోజు ధర్మవరానికి బాడుగ దొరికింది. పట్టు నూలు మూటలు చేర్చాలి. ధర్మవరంలో ఆడబిడ్డ ఇల్లు ఉంది. వాళ్ళది మగ్గం ఇల్లు. చూసి వద్దామని భార్య, బిడ్డ కూడా బండి ఎక్కారు.

పెనుకొండ దాటారు. ఆ వ్యానులో ఇంజన్ ముందు సీటు కిందనే ఉంటుంది. భార్యకు పెట్రోలు వాసన తగిలింది.

"ఏమయ్యా, పెట్రోలు వాసన వస్తాంది. బండి ఆపు" అంది.

"కొత్తగా బిగించిన ఇంజన్ కదా, అట్లనే ఉంటుంది. ఏం గాదులే" అన్నాడు భర్త. జేబులో నుంచి బీడీ తీశాడు.

ఆమె బీడీ లాక్కుంది. "వెనక నూలు ఉంది. ఒళ్ళో బిడ్డ ఉంది. ముందు ఆపు" అని గట్టిగా చెప్పింది.

భర్త బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. బిడ్డను దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టారు. కొంతసేపు ఆగి సీటు ఎత్తి చూశారు. ఒక రబ్బరు పైపు తడిగా ఉంది. దాని చివర నుంచి పెట్రోలు బొట్టు బొట్టుగా కారుతోంది. పక్కనే పొగ గొట్టం కాగి ఉంది.

ఇంకొంత దూరం పోయి ఉంటే ఏమయ్యేది? పెట్రోలు మామూలు ఎండకే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. అందుకే పైకి పోదు. కిందనే నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. బీడీ అయినా చాలు. వైరు దగ్గర పుట్టే మిణుగురు అయినా చాలు.

ఆ బండిని వాళ్ళు మళ్ళీ స్టార్టు చేయలేదు. ట్రాక్టరుకు తాడు కట్టించి ధర్మవరంలో ఒక షెడ్డుకు చేర్చారు.

మేస్త్రీ ఏం చెప్పాడు?

ఆ షెడ్డులో పెద్ద వయసు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ముందు బ్యాటరీ వైరు తీసేశాడు. ఇంజన్ చల్లారేదాకా ఆగాడు. ఆ తర్వాతే పైపును ముట్టుకున్నాడు.

"చూడమ్మా, ఇంజన్‌కు రెండు పైపులు ఉన్నాయి. ఒకటి పోయే పైపు. ట్యాంకు నుంచి పెట్రోలును ఇంజన్‌కు తీసుకుపోతుంది. ఇంకొకటి తిరుగు పైపు. మిగిలిన పెట్రోలును మళ్ళీ ట్యాంకుకు తెస్తుంది. మీ బండిలో తిరుగు పైపు కారుతోంది" అన్నాడు.

"ఎందుకు కారుతోంది అన్నా?" అని ఆమె అడిగింది.

మేస్త్రీ రబ్బరు పైపును తుడిచి ఆమె చేతికిచ్చాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ అక్షరాల పక్కన ఒక అంకె ఉంది. అంకెలు ఎక్కడైనా ఒకటే కదా! ఆమె చదివింది. "ఎనిమిది."

"అంటే లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఇంజన్ మీది ఇనుప మూతిని కొలువు" అని మేస్త్రీ స్కేలు ఇచ్చాడు.

స్కేలు మీద ఒక్కొక్క చిన్న గీత ఒక మిల్లీమీటరు. పది చిన్న గీతలు ఒక సెంటీమీటరు. ఆమె మూతి దగ్గర స్కేలు పెట్టి లెక్కపెట్టింది. ఆరు గీతలు వచ్చాయి. ట్యాంకు వైపు మూతిని కొలిచింది. ఎనిమిది గీతలు వచ్చాయి.

"ట్యాంకు వైపు ఎనిమిది. ఇంజన్ వైపు ఆరు. రెండు గీతల తేడా!" అంది.

"అదీ సంగతి. పాత ఇంజన్‌కు రెండు వైపులా ఎనిమిదే. ఈ ఇంజన్ రకం వేరు. దీని మూతి చిన్నది. ముందు చేసినాయన ఎనిమిది పైపునే చిన్న మూతికి తొడిగి ఇనుప తీగతో బిగించినాడు. రబ్బరు ముడతలు పడింది. ముడతల సందులో నుంచి పెట్రోలు కారింది. ఇంజన్ వేడికి, బండి కుదుపుకు అది ఇంకా వదులైంది" అన్నాడు మేస్త్రీ.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీలో ఏ మూతికి ఏ పైపు అన్నది ముందే లెక్క వేసి ఉంటుంది. షెడ్డులో ఒక బండి ఇంజన్ తీసి ఇంకో బండికి పెడితే ఆ లెక్క చెదురుతుంది. కాబట్టి ప్రతి మూతినీ మళ్ళీ కొలవాలి. కొన్ని పైపులకు అంగుళాల కొలత ఉంటుంది. పావు అంగుళం అంటే 6 మిల్లీమీటర్ల కన్నా కొంచెం ఎక్కువ. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి. బిగిస్తే కారుతాయి.

అతుకు ఎట్లా వేయాలి?

"పొలంలో డ్రిప్ పైపులకు మధ్యలో ప్లాస్టిక్ జాయింటు పెడతాం కదా, అట్లా పెట్టకూడదా?" అని ఆమె అడిగింది.

"ఆలోచన సరైందే. కానీ ఆ ప్లాస్టిక్ నీళ్ళకు చేసింది. పెట్రోలుకు, ఇంజన్ వేడికి పనికిరాదు. పెట్రోలు కోసం చేసిన జాయింటే కావాలి" అన్నాడు మేస్త్రీ.

ఆయన ఒక చిన్న ఇత్తడి జాయింటు తీశాడు. దానికి ఒక వైపు మూతి 8 మిల్లీమీటర్లు. రెండో వైపు మూతి 6 మిల్లీమీటర్లు. రెండు మూతులకూ చుట్టూ గట్టు ఉంది. పైపు జారిపోకుండా ఆ గట్టు పట్టుకుంటుంది.

ట్యాంకు వైపు 8 పైపు వేశాడు. ఇంజన్ వైపు 6 పైపు వేశాడు. రెండూ పెట్రోలు కోసం చేసిన కొత్త రబ్బరు పైపులే. పైపు చివరలను పదునైన కత్తితో నేరుగా కోశాడు. ఒక్కొక్క పైపును సుమారు ఒక అంగుళం లోపలికి తొడిగాడు. గట్టు దాటిన చోట మర క్లిప్పు పెట్టి బిగించాడు. మరీ గట్టిగా బిగించలేదు. ఎక్కువ బిగిస్తే క్లిప్పు రబ్బరును కోస్తుంది. పైపు పొగ గొట్టానికి తగలకుండా దూరంగా కట్టాడు.

"పాత పోగుకు కొత్త పోగు అతికేటప్పుడు మా ధర్మవరం ఆడవాళ్ళు ఎంత జాగ్రత్తగా చేస్తారు! ఒక్క అతుకు వదిలినా చీరలో తెలుస్తుంది. ఇదీ అంతే. చీరలో అయితే నష్టమే. ఇక్కడ ప్రాణమే పోతుంది" అన్నాడు.

పోయే పైపును కూడా మేస్త్రీ పరీక్ష చేశాడు. అది సరిగ్గానే ఉంది. "పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలు మెల్లగా పోతుంది. ఈ రకం ఇంజన్‌లో పంపు గట్టిగా తోస్తుంది. ఆ ఒత్తిడి సుమారు 10 రెట్లు ఎక్కువ. తీగ కట్టిన పని ఈ పైపుకు చేసి ఉంటే పెట్రోలు చిమ్మేది. అందుకే దీనికి ఒత్తిడికి తట్టుకునే పైపే వేయాలి" అన్నాడు.

చివరకు బ్యాటరీ వైరు తగిలించాడు. ఇంజన్ స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచాడు. ఆపిన తర్వాత పొడి కాగితంతో ప్రతి అతుకునూ తుడిచాడు. కాగితం తడవలేదు. "రేపు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్ళీ ఇట్లనే చూసుకోండి" అని చెప్పాడు.

ఖర్చు కొన్ని వందల రూపాయలు అయింది. ఆ కొన్ని వందలు మిగిల్చడానికి ముందు మెకానిక్ తీగ చుట్టాడు. దాని వల్ల 30,000 రూపాయల ఇంజన్, పరాయి వాళ్ళ నూలు, మూడు ప్రాణాలు నిప్పు అంచుకు పోయి వచ్చాయి.

కాగితం పని కూడా ఉంది

బండి ఆర్‌సీ పుస్తకంలో లేదా కార్డులో ఇంజన్ నంబరు ఉంటుంది. ఇంజన్ మారితే ఆ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం ఇంజన్ మార్చిన 14 రోజుల లోపల ఆర్‌టీఓ ఆఫీసులో తెలపాలి. వేరే రకం ఇంజన్ వేయాలనుకుంటే కొనక ముందే ఆఫీసులో అడగాలి. ఆర్‌సీలో ఒక నంబరు, ఇంజన్ మీద ఒక నంబరు ఉంటే బీమా డబ్బు రావడం కూడా కష్టమవుతుంది.

ఆ సాయంత్రం భార్య ఆర్‌సీ తీసి చదివింది. ఇంజన్ మీది నంబరును నోటు పుస్తకంలో రాసుకుంది. రెండూ వేరు. మరుసటి రోజు భార్యాభర్తలు ఇద్దరూ ఆర్‌టీఓ ఆఫీసుకు పోయారు.

మన వంటింట్లో

బండి లేని ఇంట్లో కూడా గ్యాసు పొయ్యి ఉంటుంది. గ్యాసు కూడా గాలికన్నా బరువు. కారితే కిందనే నిలుస్తుంది. గ్యాసు పైపు వదులుగా ఉంటే గుడ్డ చుట్టకండి. తీగ కట్టకండి. సరైన సైజు సురక్ష పైపునే వేయించండి. పైపు మీద సంవత్సరం వేసి ఉంటుంది. చదవండి. ఐదేళ్ళకు ఒకసారి పైపు మార్చాలి.

గుర్తు పెట్టుకోండి

పెట్రోలు వాసన వస్తే బండి ఆపాలి. ఇంజన్ ఆపాలి. అందరూ దిగి దూరం పోవాలి.
బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు.
పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. మంట చిన్నదైతే ఇసుక, మన్ను చల్లాలి. పెద్దదైతే దూరం పోవాలి.
అగ్నిమాపక బండికి 101, అత్యవసర సాయానికి 112, గ్యాసు కారితే 1906కు ఫోను చేయాలి.

మాట్లాడుకోండి

1. భర్త "ఏం గాదులే" అన్నాడు. భార్య ఆ మాట విని ఊరుకుని ఉంటే ఏమయ్యేది?
2. ఇంగ్లీషు రాకపోయినా ఆమె తప్పును ఎట్లా కనిపెట్టింది?
3. మీ ఇంట్లో ఏయే పైపులకు తీగ, గుడ్డ కట్టి ఉన్నాయి?

చేయండి

స్కేలు తీసుకోండి. మీ ఇంట్లో రెండు పైపుల మూతులు కొలవండి. ఎన్ని గీతలు వచ్చాయో రాయండి. గ్యాసు పైపు మీది సంవత్సరం చదివి నోటు పుస్తకంలో రాయండి. దానికి 5 కలపండి. పైపు ఏ సంవత్సరంలో మార్చాలో తెలుస్తుంది.