“నాకేమియు కాలేదు” అను మాట



సామెతల గ్రంథము 23వ అధ్యాయపు చివరి భాగమును మరల చదువుడి. అందులోని త్రాగుబోతు తనకు తగిలిన దెబ్బల సంగతి ఎరుగడు. మెలకువ రాగానే అతని తలంపు మరల పాత్రమీదికే పోవును. మైకము, కాదనుట, ఈ రెండును ఒకే మనుష్యునిలో ఎట్లు కలిసియుండునో ఈ పాఠములో ఆలోచింతము.

కోలారు బంగారు గనుల సంగతి మనలో అనేకులకు ఇంటి సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టిన తరువాత చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారు వచ్చి లైన్లలో కాపురముండిరి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు. ఆ వేడిలో, ఆ రాతి దుమ్ములో పనిచేసి పైకి వచ్చినవాడు సారాయి త్రాగి “ఒళ్లు నొప్పులకే” అనెడివాడు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అందుచేతనే ఎవరును ప్రశ్నింపలేకపోయిరి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నొప్పులు పోయెను గాని త్రాగుడు పోలేదు. “పని పోయిన దుఃఖము” అను క్రొత్త కారణము వచ్చెను. మారికుప్పమునుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి తిరిగి వచ్చువారికి “ప్రయాణపు బడలిక” దొరికెను. 2007 జూలై 1 నుండి కర్ణాటకలో సారాయి నిషేధింపబడగా “సారాయి మానివేసితిని” అనుటకు వీలు కలిగెను. చేతిలోని సీసా మాత్రమే మారినది. ఇన్ని కారణములు మారినను అలవాటు మారలేదంటే, వాటిలో ఏదియు అసలు కారణము కాదన్నమాట.

అయితే కాదనుట అంతయు అబద్ధమని తలంచుట పొరపాటు. త్వరత్వరగా అతిగా త్రాగినప్పుడు మెదడులో జ్ఞాపకములను నిలుపు భాగము కొంతసేపు పనిచేయదు. మనిషి నడచును, మాటలాడును, పోట్లాడును, ఇంటి త్రోవ కూడ తప్పడు. మరునాడు ఆ గంటలు అతనికి లేనే లేవు. “నేను నిన్ను కొట్టలేదు” అని ఒట్టు పెట్టుకొనినప్పుడు అది అతనికి నిజమే. చెంప వాచిన భార్యకు అది ఘోరమైన అబద్ధము. (ఇది అతనికి సాకు కాదు; కొట్టిన చెయ్యి అతనిదే.)

ఇంకొక మైకము త్రాగకముందే వచ్చును. జీతము చేతిలో పడగానే కాళ్లు తమంతట తామే దుకాణము వైపు తిరుగును. “ఎట్లు పోయితినో తెలియదు” అని మాతో చెప్పినవారున్నారు.

ఇంటివారును ఇందులో పాలివారగుదురు. “ఆయనకు జ్వరము” అని మేస్త్రీకి కబురు పంపు భార్య, అప్పు తీర్చు అన్న. మేము మాత్రము తక్కువా? ఆదివారము అతని స్థలము ఖాళీగా నుండుట చూచి, “నలతగా ఉన్నట్టున్నది” అని ఏండ్ల తరబడి సరిపెట్టుకొంటిమి.

త్రాగియున్నవానితో వాదింపకుడి. ఉదయమున, తెలివిగా నున్నప్పుడు, జరిగినది జరిగినట్లు చెప్పుడి: ఏ రాత్రి, ఎంత డబ్బు, ఎవరి యెదుట. అతనికి లేని జ్ఞాపకమును మీరు ఇచ్చుచున్నారు, కాబట్టి లెక్క చాలును, నింద వద్దు. కొట్టువాడైనయెడల ఒంటరిగా చెప్పకుడి.

మరియొక సంగతి. ప్రతిదినము అధికముగా త్రాగువానిని గదిలో పెట్టి తాళము వేసి ఒక్కసారిగా మాన్పింప చూడకుడి. మొదటి రెండు మూడు దినములలో చేతులు వణకుట, మూర్ఛ, లేనివి కనబడుట కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. వైద్యుని చేతనే మాన్పింపవలెను. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగము గలదు. మొదటిసారి భార్యగాని అన్నగాని వెంట వెళ్లుట మేలు. ఎంత త్రాగుచున్నారని అడిగినప్పుడు అతడొక లెక్క, వారొక లెక్క చెప్పుదురు. వైద్యునికి రెండును కావలెను.