అడవి ఉంటేనే చెరువు – చెరువు ఉంటేనే మనం



పదో తరగతి జీవశాస్త్రంలో ‘సహజ వనరులు’ అనే పాఠం ఉంది. దాన్ని పరీక్ష కోసం మేమంతా కంఠస్థం చేశాం. కానీ పుస్తకంలో ఉన్న ఆ సంగతి మన నాగిరెడ్డిపేట మండలంలోనే కళ్లముందు ఉందని ఆలస్యంగా గ్రహించాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు మన చెరువును, మన అడవిని తీసుకొని ఈ పాఠం రాస్తున్నాం.

మన చెరువు కథ

మనలో చాలామంది ఇళ్లలో వండే అన్నం పోచారం నీళ్లతో పండిందే. నిజాం కాలంలో 1922 నాటికి పూర్తయిన ఈ ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో సుమారు 10,500 ఎకరాల ఆయకట్టు ఉంది. సొంత పొలం ఉన్నవారికి అది పంట. లేనివారికి నాట్లు, కలుపు, కోతల రోజుల్లో కూలి. చెరువు నిండకపోతే మన అమ్మానాన్నలు మూట కట్టుకొని హైదరాబాదు బస్సు ఎక్కవలసిందే. ఇది మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కట్టినప్పుడు ఈ జలాశయం 2.4 టీఎంసీలకు పైగా నీరు పట్టేది. ఇప్పుడు పట్టేది 1.82 టీఎంసీలు మాత్రమే. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లెక్క వేసి చూడండి. దాదాపు అరవై కోట్ల ఘనపుటడుగుల నీళ్లు నిలవవలసిన చోట పూడిక కూర్చుంది. అంటే నాలుగో వంతు చెరువు మట్టిపాలైంది. ఇక్కడి అలుగు నీరు మంజీరలో కలిసి నిజాంసాగర్ చేరుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కూడా పూడిక వల్ల తన సామర్థ్యంలో పెద్ద భాగాన్ని పోగొట్టుకుంది.

ఈ మట్టి ఎక్కడిది? ఆకాశం నుంచి పడలేదు. పైనున్న గుట్టల నుంచి, చేల నుంచి, వాగుల ఒడ్ల నుంచి కొట్టుకొచ్చింది.

మేము చేసిన చిన్న ప్రయోగం

రెండు పాత ట్రంకు పెట్టెల మూతలు తీసుకున్నాం. రెండింటిలో ఒకే చోటి మట్టి నింపాం. ఒకదాన్ని బోడిగా వదిలి, రెండోదానిపై గడ్డి, ఎండుటాకులు పరిచాం. ఇటుక పెట్టి రెండింటినీ ఏటవాలుగా ఉంచి, చెరొక మగ్గు నీళ్లు చిల్లుల డబ్బాతో వాన పడినట్టు పోశాం. కింద మా అన్నం పళ్లాలే పెట్టాం.

బోడి మట్టి మీది నీళ్లు క్షణంలో ఎర్రగా జారి పళ్లెం నిండింది. ఆకులున్న మూత నుంచి నీళ్లు ఆలస్యంగా, కొద్దికొద్దిగా, దాదాపు తేటగా వచ్చాయి. మిగిలిన నీటిని మట్టి తాగేసింది. అడవి చేసే పని ఇదే. చినుకు దెబ్బను ఆకులు కాస్తాయి. వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. ఇంకిన నీరు మెల్లగా ఊటగా వాగులోకి వస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2025 ఆగస్టులో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత కురిసి పోచారానికి తట్టుకోలేనంత వరద వచ్చింది. దిగువ గ్రామాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాయి. అంతటి వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ ప్రతి ఏటా కురిసే వానల్లో చెరువుకు మట్టి వస్తుందా, నీళ్లు వస్తాయా అనేది చాలావరకు పైనున్న పచ్చదనం మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు ముట్టరాదు, వడ్డీ తినాలి

‘అడవిని కాపాడాలి’ అంటే ‘అడవికి పోకూడదు’ అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. మన తాతముత్తాతలు అడవితోనే బతికారు. కట్టెలు, ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, సీతాఫలాలు, విస్తరాకులకు మోదుగాకు, బీడీలకు తునికాకు అన్నీ అడవి ఇచ్చినవే. మన ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి బిడ్డలను చదివించారు.

బ్యాంకులో వేసిన సొమ్ముకు వడ్డీ వాడుకుంటే అసలు మిగులుతుంది. అసలునే తింటే రెండూ పోతాయి. పండు, ఆకు, ఎండుకట్టె వడ్డీ. వేరు, మొలక, మట్టి అసలు. ఏడాదికి ఎంత పెరుగుతుందో అంతకు మించి తీయకపోవడమే సుస్థిర అటవీ నిర్వహణ. 1713లోనే జర్మనీలో కార్లోవిట్జ్ అనే గనుల అధికారి ఈ మాట పుస్తకంగా రాశారు. వెండి గనులకు కలప కొట్టీ కొట్టీ అక్కడి అడవులు తరిగిపోవడం ఆయనను ఆలోచింపజేసింది.

అసలును తినేవి ముఖ్యంగా మూడు.

1. నిప్పు: ఇప్పపువ్వు ఏరుకోవడానికి, కొత్త గడ్డి కోసం కొందరు ఎండాకులకు నిప్పు పెడతారు. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క కూడా చాలు. పెద్ద చెట్టు బతకవచ్చు గాని మొలకలన్నీ మాడిపోతాయి. నేల బోడిదవుతుంది, మా మొదటి మూత లాగా.

2. అదుపులేని మేత: ఒకే చోట ఏడాది పొడవునా మేకలు, పశువులు మేస్తే ఏ మొలకా తలెత్తదు. కొన్నేళ్లు ఒక భాగాన్ని వదిలి మరో భాగంలో మేపితే అడవికీ మందకూ మేలు.

3. గొడ్డలి, ట్రాక్టరు: టేకును కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురు వస్తుంది. దున్ని వేళ్లు పెకిలిస్తే ఇక రాదు.

మొక్కలు నాటడం మంచిదే. 2015లో మొదలైన హరితహారంలో మనం కూడా నాటాం. అయితే నేలలో బతికున్న వేరును కాపాడితే, నీళ్లు పోయకుండానే అడవి తనంతట తాను లేస్తుంది. ఖర్చు కూడా తక్కువ.

చట్టం ఏం చెబుతుంది?

మన పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటమైదానం. 1952లో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు, మెదక్, కామారెడ్డి జిల్లాల్లో వ్యాపించింది. చిరుత, ఎలుగుబంటి, కొండగొర్రె, దుప్పి, మనుబోతు ఇక్కడి జీవులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో వేట నేరం. అక్కడి ఫలసాయాన్ని వ్యాపారానికి తీయరాదు.

1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఊరివారు అడవిని కాస్తే ఫలసాయంలో వారికి వాటా ఇవ్వాలన్నది వాటి సూత్రం. 2006 అటవీ హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. అర్హులైన గిరిజనులకు, మూడు తరాలుగా అడవిపై ఆధారపడిన ఇతరులకు హక్కులు గుర్తించింది. అదే చట్టం చుట్టుపక్కల నీటి వనరులను, వాటి పరీవాహక ప్రాంతాలను కాపాడే బాధ్యతను కూడా హక్కుదారులకు, గ్రామసభకు అప్పగించింది. అంటే హక్కు, బాధ్యత ఒకే కాగితం మీద ఉన్నాయి. కట్టెల మోపు ఎత్తుకున్న మన అమ్మ దొంగ కాదు. ఆ అడవి మిగలకపోతే మొదట నష్టపోయేదీ ఆమే.

మనం చేయగల పనులు

• వేసవి సెలవుల్లో ఊళ్లో ఎక్కడ పొగ కనిపించినా పెద్దలకు, అటవీ సిబ్బందికి చెప్పాలి.
• ఎండు పుల్లలే ఏరాలి. పచ్చి కొమ్మ విరవరాదు.
• పండ్లు కోసేటప్పుడు విత్తనానికి, పక్షికి కొన్ని వదలాలి.
• గ్రామసభ జరిగినప్పుడు ఇంట్లోవారితో వెళ్లి అడవి, వాగు సంగతి అడగాలి.
• ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు సెలవుల్లో వచ్చినప్పుడు ఊళ్లో ఈ మాట చెప్పాలి. వారి మాటకు విలువ ఎక్కువ.

ఆలోచించండి – జవాబు రాయండి

1. మీ ఊరి చెరువులోకి నీరు ఏ గుట్ట నుంచి, ఏ వాగు ద్వారా వస్తుంది? పటం గీయండి.
2. మీ తాత చిన్ననాడు ఆ గుట్ట మీద ఉండి, ఇప్పుడు లేని మూడు చెట్ల పేర్లు అడిగి రాయండి.
3. మీ ఇంట్లో అడవి నుంచి వచ్చే వస్తువుల్లో ఏది వడ్డీ, ఏది అసలు?

రెండో ప్రశ్నకు మేము జవాబు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు మా తాతలు మూడు పేర్లతో ఆగలేదు. రేపు మన మనవలు ఇదే ప్రశ్న అడిగితే, ‘అవన్నీ ఇంకా ఉన్నాయి, రా చూపిస్తాను’ అని మనం చెప్పగలగాలి.