బెట్టింగ్ అలవాటా, జబ్బా?

ప్రశ్న: మా ఆయనది ప్రొద్దుటూరులో బంగారు పని. ఐపీఎల్ వస్తే నిద్రపోడు. నా కమ్మలు కూడా కుదువకు పోయాయి. అడిగితే ‘ఈ ఒక్క మ్యాచ్‌తో అన్నీ తీర్చేస్తా’ అంటాడు. ఏం చేయాలి?

జవాబు: పోయిన డబ్బు రాబట్టుకోవడానికే మళ్లీ పందెం కాయడం, దాచిన అప్పులు, అబద్ధాలు. ఇది అలవాటు దాటిపోయిందమ్మా. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల్లోనే చేర్చింది. మట్కా చీటీలు చూసిన ఊరికి ఇది కొత్తేం కాదు, ఇప్పుడు ఫోన్‌లోకొచ్చింది. ఒట్లు వేయించుకుంటే ఒరిగేదేమీ లేదు. ఆయన అప్పు మీరు తీర్చకండి, తీరిస్తే మరో పందేనికి దారి దొరుకుతుంది. ఒప్పించి ఏటీఎం కార్డు, ఫోన్‌పే మీ చేతికి తీసుకోండి. మానసిక సాయం అందించే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు. కడప రిమ్స్‌లో మానసిక వైద్యులున్నారు. ‘చచ్చిపోతా’ అన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లండి.