పిల్లి నోరు – చక్కెర జబ్బు

ఈ సంచికకు పాఠం లాంటిది ఒకటి రాసివ్వమని యూనియన్ కార్యదర్శి వారం రోజులుగా వెంటబడుతున్నాడు. తరగతిలో చెప్పేదే ఇక్కడా చెబితే పేజీ తిప్పేస్తారు. అందుకని నేను చేసిన పొరపాటే రాస్తున్నాను.

నేను క్లినిక్‌లో కొత్తగా చేరిన రోజులు. రిటైరైన పంతులమ్మగారొకరు పదకొండేళ్ళ మగపిల్లిని బుట్టలో తెచ్చారు. మధుమేహం అప్పటికే తేలింది. రెండు పూటలా ఇన్సులిన్ ఆవిడే ఇస్తున్నారు. అయినా చక్కెర 400 మిల్లీగ్రాములకు దిగడం లేదు. నేను డోసు పెంచాను. రెండు వారాలకు మళ్ళీ పెంచాను. మందు ఫ్రిజ్‌లో పెడుతున్నారా, 40 యూనిట్ల మందుకు 100 యూనిట్ల సిరంజి వాడుతున్నారా – అన్నీ అడిగాను. నోరు మాత్రం తెరిచి చూడలేదు.

మూడోసారి ఆవిడే అన్నారు: "వీడు ఈమధ్య ఒకవైపే నములుతున్నాడండీ. దగ్గరికొస్తే కంపు. అదీ షుగరు వల్లేనా డాక్టరుగారూ?"

పెదవి ఎత్తి చూద్దును గదా, చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వెనక పళ్ళు గార కింద కనబడడమే లేదు.

ఇందులో కిటుకు ఇది. పిల్లుల మధుమేహం ఎక్కువగా మనుషుల రెండో రకాన్ని పోలి ఉంటుంది; ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవు. చిగుళ్ళ వాపులో పుట్టే సైటోకైన్లు ఆ మొండితనాన్ని ఇంకా పెంచుతాయి. నొప్పికి కార్టిసాల్, అడ్రినలిన్ పెరిగి కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఇటు చక్కెర పెరిగితే చిగుళ్ళకు సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. రెండూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయన్నమాట. పైగా పిల్లి బెదిరినా చక్కెర ఎగబాకుతుంది. కాబట్టి క్లినిక్‌లో తీసిన ఒక్క అంకెను నమ్మకండి. గడచిన ఒకటి రెండు వారాల సంగతి ఫ్రక్టోసమిన్ పరీక్ష చెబుతుంది.

మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, వేళ్ళు కరిగిపోయిన రెండు పళ్ళు పీకేశాం. మత్తులో ఉన్నంతసేపూ చక్కెర చూస్తూనే ఉన్నాం. అంతవరకూ బాగానే ఉంది. ఇంటికి పంపేటప్పుడు నేను పెంచిన డోసునే మళ్ళీ చీటీ మీద రాసిచ్చాను. ఇదే అసలు తప్పు. వాపు తగ్గుతుంటే ఇన్సులిన్ అవసరమూ తగ్గవచ్చు; డోసు అలాగే ఉంటే చక్కెర పడిపోతుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున పిల్లి తూలి పడిపోయిందట. ఆవిడ చిగుళ్ళకు తేనె రాసి, ఆటో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పరీక్షిస్తే 45. సిరలోకి గ్లూకోజు ఎక్కించాక గంటకు తల ఎత్తింది. తేనె సంగతి ఎలా తెలుసని అడిగితే "మావారికీ షుగరే కదా బాబూ" అన్నారు. ఆ మాట నేను చీటీలో రాయవలసింది.

నోరు బాగుచేస్తే ప్రతి పిల్లికీ ఇన్సులిన్ తగ్గుతుందని కాదు. కొన్నిటికి తగ్గుతుంది, కొన్నిటికి తగ్గదు. ఏది ఏ కోవదో ఆ తర్వాతి రోజుల్లో తరచు పరీక్షిస్తేనే తెలుస్తుంది. మా పిల్లికి చివరికి సగం డోసు సరిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా, నేను పాత చీటీ అందుకోక ముందే బుట్ట మూత తీసి, "ముందు వీడి నోరు చూడండి" అనేవారు.