పట్టణ ఆరోగ్యం: సూరత్ నేర్పిన పాఠం

పట్టణంలో ప్రజారోగ్య రక్షణ రెండు రూపాలలో సాగుతుంది. ఒకటి, ఆపద సంభవించినప్పుడు పరుగున వచ్చే అంబులెన్సు. రెండవది, అసలు ఆపదే రాకుండా తెల్లవారుజామున వీధులు ఊడ్చి, మురుగు కాలువల పూడిక తీసి, కుళాయి నీటిలో క్లోరిన్ పాలు పరీక్షించే పురపాలక సిబ్బంది శ్రమ. మొదటిది అందరి కంటా పడుతుంది. రెండవది ఆగిపోయినప్పుడుగాని దాని విలువ తెలియదు. గుజరాత్‌లోని సూరత్ నగరం ఈ సత్యాన్ని చాలా కష్టపడి తెలుసుకొన్నది.

తాపీ నది ఒడ్డునగల సూరత్ వజ్రాల సానకూ, వస్త్ర పరిశ్రమకూ పేరు పొందినది. 1991 జనాభా లెక్కల నాటికే అక్కడ సుమారు 15 లక్షల మంది ఉండేవారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుండి వచ్చిన శ్రామికులతోపాటు తెలంగాణ నుండి తరలివెళ్ళిన తెలుగు నేతపనివారు కూడా అక్కడ స్థిరపడ్డారు. నగరం పెరిగినంత వేగంగా నీరు, మురుగు పారుదల, మరుగుదొడ్ల వసతులు పెరగలేదు. ఆ లోటు భారమంతా ప్రధానంగా శ్రామిక వాడలపైనే పడింది.

1994 సెప్టెంబరు

ఆ ఏడు భారీ వర్షాలు కురిసి, లోతట్టు వాడలు జలమయమైనాయి. చెత్త కుప్పలు, పశువుల కళేబరాలు కుళ్ళి దుర్గంధం వ్యాపించింది. సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కింది. కొద్ది రోజులలోనే లక్షలాది ప్రజలు రైళ్ళలో, బస్సులలో నగరం విడిచి వెళ్ళారు. వైద్యులలో సైతం కొందరు వెళ్ళిపోయారు. సకాలంలో మందు వాడితే నయమయ్యే వ్యాధి అది. దేశం మొత్తం మీద మృతుల సంఖ్య కొన్ని పదులకు మించలేదు. అయినా భయం కలిగించిన నష్టం అపారం. పరిశ్రమలు మూతపడ్డాయి, కొన్ని దేశాలు భారతదేశానికి విమాన రాకపోకలను నిలిపివేశాయి.

మార్పు ఎలా వచ్చింది?

1995లో పురపాలక కమిషనరుగా ఎస్.ఆర్. రావు బాధ్యతలు స్వీకరించారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలాధికారికి ఖర్చు చేసే అధికారాన్నీ, నిర్ణయాధికారాన్నీ అప్పగించారు. అధికారులు ప్రతిరోజు ఉదయం వీధులలో తిరిగి పనిని స్వయంగా చూడాలి. ఆనాటి లోపాలను ఆనాడే చర్చించి సరిదిద్దాలి. ప్రధాన రహదారులను రాత్రివేళ ఊడ్చే పద్ధతి మొదలైంది. వీధిలో చెత్త వేసినవారికి జరిమానా పడింది. తినుబండారాల దుకాణాలను తనిఖీ చేశారు. అక్రమ కట్టడాల తొలగింపులో పలుకుబడిగలవారికి మినహాయింపు లభించలేదు. శ్రామిక వాడలకు కూడా నీరు, మరుగుదొడ్లు సమకూర్చసాగారు.

ఇక్కడ గమనించదగిన విషయమొకటి ఉన్నది. ఈ పని చేసినది ప్రధానంగా అంతకుముందు ఉన్న సిబ్బందియే. మారినది పని విధానం: ఏ వీధికి ఎవరు బాధ్యులో స్పష్టమైనది. 1996లో ఇన్‌టాక్ సంస్థ దేశంలోని పరిశుభ్ర నగరాలలో చండీగఢ్ తరువాతి స్థానాన్ని సూరత్‌కు ఇచ్చింది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి వదలిన నీటితో నగరంలో అధికభాగం మునిగినా, 1994 నాటి భయోత్పాతం పునరావృతం కాలేదు.

అంబులెన్సు స్థానం

పారిశుద్ధ్యం ఎంత బాగున్నా ప్రమాదాలు, గుండెపోటు, కష్ట ప్రసవాలు తప్పవు. అప్పుడు నిమిషాలే ప్రాణాలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ 2007లో గుజరాత్‌కు విస్తరించింది. ఫోను అందుకొన్నవారు స్థలాన్ని గుర్తించి, సమీపంలోని వాహనాన్ని పంపుతారు. శిక్షణ పొందిన సహాయకుడు దారిలోనే ప్రథమ చికిత్స ఆరంభిస్తాడు. రోగి నుండి రుసుము తీసుకోరు.

అయితే వాహనం రాష్ట్ర వ్యవస్థదైనా, అది చేరవలసిన సందు పట్టణానిది. వీధి పేరు, ఇంటి నంబరు కనిపించాలి. దారి ఆక్రమణలు లేకుండా ఉండాలి. ఆసుపత్రిలో అత్యవసర విభాగం రాత్రింబవళ్ళు తెరచి ఉండాలి. అంబులెన్సు రాకపోకల పట్టిక కూడా పురపాలక ఆరోగ్యాధికారికి విలువైన ఆధారం. ఒకే కూడలి నుండి తరచు పిలుపు వస్తే ఆ కూడలిని సరిచేయాలి. ఒకే వాడ నుండి వాంతులు, విరేచనాల రోగులు వస్తూంటే అక్కడి నీటి గొట్టాన్ని పరీక్షించాలి. ఈ విధంగా చికిత్స, నివారణ ఒకదానికొకటి తోడ్పడతాయి.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలలో ప్రజారోగ్యాన్నీ, పారిశుద్ధ్యాన్నీ చేర్చింది. ఆ మరుసటి సంవత్సరమే సూరత్ విపత్తు సంభవించింది. విధిని చట్టం పేర్కొంటుంది. దానిని ప్రతి ఉదయం నెరవేర్చవలసినది పట్టణ పాలకులు, సిబ్బంది, పౌరులు. చెత్తను వీధిలో వేయక పాత్రలో వేయడం, జ్వరం వ్యాపించిన సంగతి వెంటనే తెలియజేయడం, అంబులెన్సుకు దారి ఇవ్వడం పౌరుని వంతు పని.